కమ్సర్ నీలం, కెర్మాన్ పళ్ళెం: ఇరాన్‌లో చీనా పోలికల వెంట

శనివారం, టెహరాన్

చీనా పింగాణీని చూసి ఇరాన్ కుమ్మరులు చేసిన నీలి తెలుపు పాత్రలను, వాటి కథ నడిచిన ఊళ్ళ వెంట తిరిగి చూడాలని బయలుదేరాం. కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా బావగారు, అక్కయ్య, నేను. అసలు సరుకు ఎలా ఉంటుందో కంటికి తెలియకుండా దాని అనుకరణను అంచనా వేయలేం కనుక మొదటి మజిలీ నేషనల్ మ్యూజియం అయింది. ఇరాన్‌ను ఏలిన సఫవీ వంశపు రాజు షా అబ్బాస్ 1611లో అర్దబీల్‌లోని షేక్ సఫీ దర్గాకు వక్ఫు చేసిన, అంటే ధర్మంగా రాసిచ్చిన, 1,100కు పైగా చీనా పాత్రల్లో అధిక భాగం 1935లో ఈ నగరానికి తరలివచ్చింది. చీనాను మింగ్‌కు ముందు ఏలిన యువాన్ వంశపు కాలం నాటి పెద్ద పళ్ళేలు, మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి నాటి ద్రాక్షగుత్తుల పళ్ళేలు, పొడవు మెడ సీసాలు ఇక్కడ అద్దాల వెనుక ఉన్నాయి. ఇంత వెడల్పు పళ్ళేలు చీనావాళ్ళ భోజనానికి అక్కరలేదు. పదిమంది చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినే పశ్చిమాసియా విందులను దృష్టిలో పెట్టుకొని చీనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి బట్టీలు వీటిని తయారు చేశాయి.

మధ్యాహ్నం సీ-ఎ-తీర్ వీధిలోని ఆబ్గీనె మ్యూజియానికి వెళ్ళాం. అది ఒకప్పుడు ప్రధానిగా పనిచేసిన కవామ్ నివాసం. తరువాత కొన్నేళ్ళు ఈజిప్టు రాయబార కార్యాలయంగా ఉండి, చివరికి గాజు, మట్టి పాత్రల ప్రదర్శనశాలగా మారింది. ఇక్కడి సఫవీ కాలపు నీలి తెలుపు పాత్రల ముందు ఉదయం చూసిన చీనా పళ్ళేలను గుర్తు చేసుకుంటే తేడా తెలియడం మొదలవుతుంది. చీనా తెలుపు చల్లగా, ఒకింత నీలి ఛాయతో గట్టిగా కనిపిస్తుంది. ఇరాన్ తెలుపు మెత్తగా ఉంటుంది, దాని మీది గాజుపూతలో సన్నని పగుళ్ళు వలలా పరచుకొని ఉంటాయి. చీనా గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా చెప్పవచ్చు, ఇరాన్ గీత అంచు దగ్గర కొద్దిగా చెమ్మగిల్లినట్లు ఉంటుంది.

"అది చేతి లోపం కాదు, పూత లోపం. క్షారం ఎక్కువైన గాజుపూత వేడికి పలచబడి పారుతుంది, నీలం రంగునిచ్చే కోబాల్ట్‌ను తనతో లాక్కుపోతుంది" అన్నారు బావగారు.

"మరి నల్లని అంచు గీసి లోపల నీలం నింపినవి చెదరలేదు కదండీ?" అని అడిగాను. ఆ నలుపు క్రోమైట్ అనే ఖనిజంతో చేసినదనీ, అది అంత తేలికగా పారదు కనుక గట్టులా నిలబడి నీలాన్ని ఆపుతుందనీ చెప్పారు. అలా నల్లని అంచు కట్టిన సఫవీ పాత్రలను ఎక్కువగా మష్హద్‌కు చెందినవిగా పండితులు లెక్కిస్తారు. అంచు లేకుండా నీలంతోనే గీసి, దాని ముదురు లేత ఛాయలతోనే పని జరిపించిన మేలురకం పాత్రలను కెర్మాన్‌వని అంటారు.

సోమవారం, అర్దబీల్

సబలాన్ పర్వతం మీద మంచు ఇంకా కరగలేదు. దర్గా ప్రాంగణంలో అడుగుపెట్టగానే నీలి పెంకుల గోడలు, వాటి వెనుక గుమ్మటాలు కనిపిస్తాయి. సఫవీ వంశానికి మూలపురుషుడైన షేక్ సఫీ 1334లో గతించారు. ఆయన సమాధి చుట్టూ తరతరాలుగా పెరిగిన ఈ కట్టడాల సముదాయాన్ని యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ప్రసిద్ధమైన అర్దబీల్ తివాచీ ఇక్కడిదేనని చెబుతారు, కానీ మేము వచ్చింది చీనీఖానా కోసం.

చీనీఖానా అంటే పింగాణీ పాత్రల గది. పాత హాలును షా అబ్బాస్ కాలంలో మార్చి ఇలా తీర్చిదిద్దారు. పైన గుమ్మటం, నాలుగు పక్కలా లోతైన అరలు, వాటి గోడల్లో గచ్చుతో పలచగా మలచిన గూళ్ళు. ఆ గూళ్ళే ఇక్కడి విశేషం. ఒక్కొక్క గూడు నోరు ఒక్కొక్క పాత్ర ఆకారంలో ఉంది: ఒకటి పొట్ట గుండ్రంగా మెడ సన్నగా ఉన్న సీసా, మరొకటి భుజాలు వెడల్పయిన జాడీ, వేరొకటి గిన్నె. పాత్ర ఉంచకపోయినా పాత్ర నీడ నిలిచి ఉన్నట్లు, ఖాళీ చోటునే ఆకారంగా కత్తిరించారు. అరల అంచుల మీద బంగారు పూత, పూల తీగల రంగులు అక్కడక్కడా మిగిలాయి. 1637లో జర్మనీ ప్రాంతపు హోల్‌స్టైన్ రాయబార బృందంతో వచ్చిన ఆడమ్ ఒలియారియస్ ఈ గదిలో పాత్రలు గూళ్ళలో కొలువై ఉండగా చూసి రాశాడు. ఇప్పుడు కింద అద్దాల పెట్టెల్లో కొన్ని పాత్రలు మాత్రమే ఉన్నాయి. ఇక్కడి గ్రంథాలను 1828లో రష్యన్ సైన్యం సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తీసుకుపోయింది.

పాత్రల మీద చెక్కిన వక్ఫు ముద్రను టెహరాన్‌లోనే చూశాం. చిన్న దీర్ఘచతురస్రపు గడిలో, గట్టి పూతను గీకి, "విలాయత్ ప్రభువుకు (అలీకి) దాసుడైన అబ్బాస్, షా సఫీ సన్నిధికి వక్ఫు చేసెను" అన్న అర్థం వచ్చే మాటలు చెక్కించారు. పింగాణీని గీకడానికి గట్టి మొన కావాలి, చెయ్యి తొణికితే వందల ఏళ్ళ పాత్ర పగులుతుంది. వెయ్యికి పైగా పాత్రల మీద అంత పని చేయించిన రాజు వీటిని పూజా ద్రవ్యంగా భావించాడా, లేక తన ఐశ్వర్యాన్ని లోకానికి చూపుకున్నాడా అని అక్కయ్య అడిగింది. రెండూ అయి ఉంటాయని నా అభిప్రాయం. వంశకర్త సమాధికి ఇచ్చిన కానుకలో భక్తీ రాజకీయమూ కలిసే ఉంటాయి.

చీనీఖానాను చూసే ఇరాన్ కుమ్మరులు చీనా బొమ్మలు నేర్చారని కొందరు మార్గదర్శకులు చెప్పే మాటను నేను నమ్మను. దర్గా గూళ్ళకెక్కిన పాత్రలను కెర్మాన్ కుమ్మరి వచ్చి తిప్పి చూసి ఉంటాడా? వాళ్ళు చూసినవి రేవుల్లోనూ అంగళ్ళలోనూ దొరికిన సరుకులు. పైగా అర్దబీల్ సంపదలో సింహభాగం 14, 15, 16 శతాబ్దాలది. కెర్మాన్ కుమ్మరులు ఎక్కువగా అనుకరించినదేమో తమ కాలంలో దిగుమతి అవుతున్న, మింగ్ చక్రవర్తి వాన్లీ నాటి ఎగుమతి పింగాణీని, అంటే అంచు చుట్టూ గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో పూలూ శుభచిహ్నాలూ వేసిన పలుచని పళ్ళేలను.

మంగళవారం

అర్దబీల్ నల్ల హల్వా కొనుక్కొని రోజంతా బస్సుల్లోనే గడిపాం. తబ్రీజ్‌కు వెళ్ళలేదు. 15వ శతాబ్దంలో తబ్రీజ్, నిషాపూర్, మష్హద్ మూడూ నీలి తెలుపు పాత్రలు చేసిన ఊళ్ళే. ఏది ఎక్కడిదో శైలిని బట్టి వాదించుకోవడం ఎంతకూ తేలకపోతే, టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియం పండితులు పెంకులను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో ఖనిజాలను పోల్చి ఊళ్ళను గుర్తించారు. రష్యాలోని దాగెస్తాన్ కొండల్లో కుబాచీ గ్రామంలో గోడలకు వేలాడుతూ దొరికినందువల్ల కుబాచీ పాత్రలని పేరు పడినవి కూడా అక్కడ చేసినవి కావు, ఇరాన్ నుంచి పోయినవేనని తేలింది.

బుధవారం, కాషాన్, కమ్సర్

కమ్సర్‌లో గులాబీల కాలం. తెల్లవారుజామున కోసిన పూలను రాగి బానల్లో మరిగిస్తున్న వాసన ఊరంతా నిండి ఉంది. ఇక్కడికి వచ్చే యాత్రికులలో నూటికి తొంభై మంది గులాబీ నీటి కోసమే వస్తారు. మాకు మాత్రం ఈ కొండల రాయితో పని.

కాషాన్‌లో తరాల తరబడి పెంకుల పని చేసిన కుటుంబానికి చెందిన అబుల్ కాసిమ్ 1301లో ఒక చిన్న పాఠం రాశాడు. గాజుపూతలు, మట్టి, రంగులు ఎలా సిద్ధం చేయాలో చేతిపని ఎరిగినవాడిగా చెప్పిన ఆ రచనలో, కోబాల్ట్ రాయిని పనివాళ్ళు సులైమానీ అంటారనీ, అది కాషాన్ కొండల్లోని కమ్సర్ గ్రామంలో దొరుకుతుందనీ, సులైమాన్ ప్రవక్త దానిని కనిపెట్టాడని ఊరివాళ్ళు చెబుతారనీ ఉంది. గట్టి నల్లరాయి ఒరలో మెరిసే తెల్లని వెండిలా ఉంటుందని కూడా అంటాడు. అంత నల్లటి రాయి నుంచి అంతటి నీలం రావడం వింతే. అయితే కోబాల్ట్ ఖనిజం సాధారణంగా ఆర్సెనిక్‌తో కలిసి ఉంటుందనీ, దానిని కాల్చి కడిగి నీలాన్ని రాబట్టే పని ఊపిరితిత్తులకు మంచిది కాదనీ బావగారు గుర్తు చేశారు.

ఇక్కడే ఈ ప్రయాణానికి అసలు ముడి ఉంది. యువాన్ కాలంలో జింగ్‌దెజెన్ వాడిన నీలంలో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. చీనా గనుల్లోని కోబాల్ట్‌లో మాంగనీసు మెండుగా ఉంటుంది. కనుక ఆ తొలి నీలం పశ్చిమం నుంచి వెళ్ళిందని పండితులు నిర్ణయించారు. ఆ పళ్ళేల్లో రంగు చిక్కగా చేరిన చోట గాజుపూతలోంచి నల్లని చుక్కలు పొడుచుకు వస్తాయి. టెహరాన్‌లో మేము అద్దానికి ముక్కు ఆనించి చూసిన మచ్చలు అవే. అంతకు చాలా ముందు, 9వ శతాబ్దంలోనే, బస్రా కుమ్మరులు తగరం కలిపిన తెల్లపూత మీద కోబాల్ట్ బొమ్మలు వేశారు. తాంగ్ వంశపు తెల్ల పాత్రలను చూసి ఆ తెలుపును తెచ్చుకోవడానికే వాళ్ళు పూతను కనిపెట్టారు, నీలం మాత్రం వాళ్ళ సొంతం. అంటే చీనా వైపు చూసి ఇరాన్ అనుకరించిన నీలి తెలుపులో నీలం మొదట పశ్చిమాసియాదే. కుమ్మరులకు అందనిది రంగు కాదు, మట్టి.

ఆ మట్టి లోటును ఇరాన్ ఎలా పూడ్చిందో కూడా అబుల్ కాసిమే చెప్పాడు. పనివాళ్ళు షకర్-ఎ-సంగ్, అంటే రాతి చక్కెర అని పిలిచే తెల్ల పలుగురాయి పొడి పది పాళ్ళు, గాజు పొడి ఒక పాలు, తెల్లని జిగురు మట్టి ఒక పాలు కలిపి ముద్ద చేయాలి. చీనాలో కెయొలిన్ అనే తెల్లమట్టిని పింగాణీ రాయి పొడితో కలిపిన ముద్ద దాదాపు 1,300 డిగ్రీల సెల్సియస్ వేడిలో గాజులా మారి గట్టిపడుతుంది. ఇరాన్ కుమ్మరులకు అలాంటి ముద్దా అందలేదు, అంత వేడికి ఎక్కే బట్టీలూ లేవు. అందుకే తక్కువ వేడిలోనే పలుగురాయి రేణువులను గాజు పొడి అంటించి నిలబెట్టే ముద్దను ఎన్నుకున్నారు. దాని బలహీనత ఏమిటంటే ముద్దలో జిగురు తక్కువ, సారె మీద తీగలా సాగదు, చేతిలో విరుగుతుంది. అంచు చిట్లిన కాషాన్ పాత పెంకును చూస్తే లోపలి భాగం కలకండ బిళ్ళను విరిచినట్లు గరుకుగా, తెల్లగా కనిపిస్తుంది. పింగాణీ విరిగితే నున్నగా ఉంటుంది. ఈ ఒక్క గుర్తుతో చాలా తగవులు తీర్చవచ్చు.

గురువారం, ఇస్ఫహాన్

దారిలో అర్దెస్తాన్ పేరున్న పలక కనిపించింది. అక్కడ పుట్టిన ముహమ్మద్ సయీద్ గోల్కొండ రాజ్యానికి వచ్చి వజ్రాల వ్యాపారంలో ఎదిగి మీర్ జుమ్లా అయ్యాడు. మచిలీపట్నం నుంచి ఇరాన్ దక్షిణ తీరపు రేవు బందర్ అబ్బాస్ వరకు 17వ శతాబ్దంలో ఓడలు నడిచిన కాలం అది. ఇస్ఫహాన్ బజారులో అచ్చు వేసిన దుప్పట్లను ఇప్పటికీ కలమ్‌కార్ అంటారు. పెడన నుంచి వచ్చిన మా బావగారికి ఆ అంగట్లో ఎక్కువసేపు గడిచింది. దేవదారు చెట్లూ, పూల అంచులూ మన దగ్గర చూసినవే. మచిలీపట్నం కలంకారీలో ఇరాన్ కొనుగోలుదారు అభిరుచి చొరబడినట్లే, ఇరాన్ పింగాణీలో చీనా అభిరుచి చొరబడింది.

అలీ కాపూ ప్రాసాదంలో పై అంతస్తులో ఉన్న సంగీత శాలకు ఇరుకు మెట్ల మీదుగా ఎక్కాలి. అర్దబీల్ చీనీఖానాలోని గూళ్ళు ఇక్కడా ఉన్నాయి, సీసాలు, గిన్నెల ఆకారంలో గోడనూ పైకప్పునూ నింపుతూ. ఇది ధ్వనిని మెరుగుపరచడానికని చెబుతారు, కొంత నిజమే కావచ్చు. అయితే పాత్ర ఆకారాన్ని కత్తిరించి గోడను అలంకరించడమన్నది షా అబ్బాస్ కాలంలో ఒక అభిరుచి అయిందని రెండు గదులనూ చూసినవారికి తెలుస్తుంది.

ఫ్రెంచి రత్నాల వ్యాపారి జాన్ షార్దాన్ ఈ నగరంలో ఏళ్ళ తరబడి ఉండి సఫవీ దర్బారును దగ్గరగా చూశాడు. షిరాజ్, మష్హద్, యజ్ద్, కెర్మాన్ ఊళ్ళలో మంచి పాత్రలు చేస్తారనీ, కెర్మాన్‌కు చెందిన జరంద్ వాటికి పేరుపొందిందనీ, వాటిని డచ్చివాళ్ళు చీనా సరుకులో కలిపి అమ్ముతారనీ రాశాడు. కలిపి అమ్మగలిగారంటే ఆ పని ఎంత నాణ్యంగా ఉండేదో ఊహించవచ్చు.

శనివారం, మేబోద్

శుక్రవారం ప్రయాణంలో పోయింది. యజ్ద్ దగ్గరి మేబోద్‌లో కుమ్మరి వాడ ఇప్పటికీ బతికి ఉంది. సూర్యుడికి ఆడమనిషి ముఖం వేసిన పళ్ళేలు, చేపలు, పక్షులు ఇక్కడి గుర్తులు. చీనా పోలిక వీటిలో పెద్దగా మిగలలేదు, కానీ తెల్లని ఒంటి మీద నీలం వేసే పద్ధతి అదే. కార్ఖానాలో ఒక పెద్దాయన మమ్మల్ని లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. బావగారు "ఆఘా" అంటూ తెలిసిన నాలుగు పార్సీ మాటలూ వాడారు, మిగిలింది చేతులతో నడిచింది. పెద్దాయన కాల్చని పళ్ళెం మీద కుంచెతో ఒక గీత గీశాడు. చూస్తుండగానే పొడి ఒళ్ళు నీళ్ళను పీల్చేసింది. సవరించడానికి వీలు లేదు. గీసిన మరుక్షణం అది గోడ మీది రాత. ఆ తరువాత పూత ముంచడం, కాల్చడం. కుంచె వెంట్రుకలు గాడిద మెడ నుంచి తీసినవని చెప్పి నవ్వాడు. కాలిన పళ్ళెం ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు; కాల్చకముందు మసిబొగ్గులా బూడిద రంగులో ఉన్న గీత అందులో నీలమై కనిపించింది.

ఆయన గీసిన తీరు చూశాక సఫవీ పళ్ళేల గీతలను నేను వేరుగా చూస్తున్నాను. చీనా బొమ్మల్లో మొదట గీతతో గడి కట్టి, ఆ పైన నీళ్ళగా రంగు పూస్తారు. కుంచె వేగానికి ఒక అలవాటు పడిన నియమం ఉంటుంది. కెర్మాన్ కుమ్మరి ఆ నియమాన్ని దిగుమతి చేసుకోలేదు. కొండలు, రాళ్ళు, బాతులు, చెట్టు కింద కూర్చున్న మనిషి, ఇవన్నీ చీనా నుంచి వచ్చాయి, కానీ వాటిని కట్టిన గీత పార్సీ లిపిలా తేలిపోతుంది. మంచి అనుకరణకన్నా నాకు ఈ తప్పిపోయిన అనుకరణే ఇష్టం. మూలానికి అతి దగ్గరగా వచ్చిన పాత్రలను చూసినప్పుడు మెచ్చుకుంటాం, దూరం జరిగిన వాటిని చూసినప్పుడు ఆగిపోతాం.

సోమవారం, కెర్మాన్

గంజలీఖాన్ ప్రాంగణంలో హమామ్, బజారు, సరాయి వరుసగా ఉన్నాయి. షా అబ్బాస్ నియమించిన ఈ గవర్నరు పేరు మీదే ఊరి నడిబొడ్డు నిలిచింది. బజారులో రాగి పని వాళ్ళ సుత్తి చప్పుడు, ఖర్జూరం నింపిన కొలొంపె వాసన ముందుకు నడిపిస్తాయి.

కెర్మాన్ పాత్రలకు దశ తిరిగిన కథ తూర్పున మొదలవుతుంది. 1644లో మింగ్ వంశం కూలింది. ఆ తరువాతి యుద్ధాల్లో జింగ్‌దెజెన్ ఎగుమతులు చెదిరిపోయాయి. యూరప్‌లో మాత్రం నీలి తెలుపు కోరిక తగ్గలేదు. 1623 నుంచీ బందర్ అబ్బాస్‌లో స్థావరం ఉన్న డచ్ ఈస్టిండియా కంపెనీ జపాన్‌లోని అరితా వైపు తిరిగింది, ఇరాన్ వైపూ చూసింది. మేక ఉన్ని కోసం కెర్మాన్‌కు ఎలాగూ వచ్చే కంపెనీ వాళ్ళకు ఇక్కడి పాత్రలు కంటపడ్డాయి. హుక్కా అడుగు పాత్రలు, సీసాలు, పళ్ళేలు ఎగుమతి అయ్యాయి. హుక్కా అడుగుకు మూలం కెండీ అనే చీనా చెంబు. దాని పక్క గొట్టం నీటిపొగ గొట్టానికి సరిగ్గా సరిపోవడంతో ఇరాన్‌లో అది పొగతాగే సాధనమైంది. 1683 తరువాత కాంగ్‌షీ కాలంలో జింగ్‌దెజెన్ మళ్ళీ నిలదొక్కుకుంది. చౌకైన అసలు సరుకు వెనక్కి వచ్చాక అనుకరణకు గిరాకీ ఉండదు. 1722లో ఇస్ఫహాన్ ఆఫ్ఘనుల చేత చిక్కడంతో సఫవీ దర్బారే పోయింది.

బజారులో ఒక వ్యాపారి అలమర కింది గడి నుంచి గుడ్డలో చుట్టిన పళ్ళెం తీశాడు. సఫవీ కాలందేనట. బావగారు దానిని తలకిందులు చేశారు. అడుగున చీనా రాజముద్రను పోలిన నీలి చదరం ఉంది, అందులో అక్షరాలు కావు, అక్షరాల్లా కనబడే గీతలు. చీనా చదవలేని కుమ్మరి చూసి వేసిన ముద్ర కనుక ఆ గీతలకు అర్థం ఉండదు. కెర్మాన్ పాత్రల్లో ఇలాంటివీ, కుచ్చులా వేలాడే గుర్తులూ మామూలే. కాని అడుగు వలయం అరిగిన గరుకుతనం ఒకే తీరుగా, ఉప్పు కాగితంతో రుద్దినట్లు ఉంది. నాలుగు వందల ఏళ్ళ వాడుకకు అరుగుదల అలా సమంగా రాదు. చిట్లిన చోట చక్కెర గరుకు లేదు, సున్నంలా పొడిబారి ఉంది. "పూత ఒకచోట కొత్తగా మెరుస్తోంది చూడు" అన్నారు బావగారు తెలుగులో, మెల్లగా. అక్కయ్య ధర అడగకుండానే సలాం చెప్పి బయటపడింది.

కెర్మాన్ పాత్రలు చూడదలచినవారికి కెర్మాన్ రావడం సరైన దారి కాదని ఈ సాయంత్రం తేలింది. మంచివన్నీ ఎప్పుడో బయటికి పోయాయి. 1870లలో ఇండో యూరోపియన్ టెలిగ్రాఫ్ శాఖ ఇరాన్ విభాగానికి అధిపతిగా ఉన్న రాబర్ట్ మర్డోక్ స్మిత్ లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం తరఫున ఇరాన్ అంతా వెతికి కొన్నవి, ఆ మ్యూజియమే పేరు మారి అయిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో ఇప్పుడు ఉన్నాయి. సఫవీ నీలి తెలుపు పాత్రలను తేదీల వారీగా పోల్చి చూడడానికి ఇంతకు మించిన చోటు లేదని పండితులు అంటారు. మా అబ్బాయి లండన్‌లో చదువుతున్నాడు. శీతాకాలంలో వెళితే గురువారం ఒకటి ఖాళీ పెట్టుకోమని వాడికి చెప్పాలి.